నడుములో నరాల దారి ఇరుకైతే: ఆపరేషన్ల రకాలు, డాక్టరును అడగవలసినవి

మన సంఘ సభ్యుల్లో అరవై దాటినవారే ఎక్కువ. ఎం.ఆర్.ఐ. రిపోర్టు చేతపట్టుకుని "కెనాల్ స్టెనోసిస్ అని రాశారు, రాడ్లు వెయ్యాలంటున్నారు, ఏం చెయ్యమంటారు?" అని అడిగేవారు పెరిగారు. వైద్యం చెప్పడం నా పని కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు తెలిసి ఉండవలసిన సంగతులు మాత్రం రాస్తున్నాను.

వెన్నుపూసల వెనక నరాలు దిగే కాలువ ఒకటి ఉంటుంది. వయసుతో డిస్కు వెనక్కి ఉబ్బి, కీళ్ళు పెరిగి, పూసలను కలిపే లిగమెంటు మందమై ఆ కాలువ ఇరుకవుతుంది. ఎక్కువగా ఇది ఎల్4, ఎల్5 పూసల మధ్య జరుగుతుంది. కొంతదూరం నడవగానే పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది; కూర్చున్నా, ముందుకు వంగినా తగ్గుతుంది. ఫర్లాంగు నడవలేనివారు కూడా సైకిలు హాయిగా తొక్కడం ఇందువల్లే. కాళ్ళ రక్తనాళాలు పూడుకున్నా నడిస్తే నొప్పి వస్తుంది గాని, అది ఊరికే నిలబడినా తగ్గిపోతుంది. ఈ తేడా డాక్టరుకు విడమరిచి చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే మన పెద్దలకు ఇక్కడే చిక్కు. తిమ్మిరిని కన్నడంలో జోము అనో, తమిళంలో మరత్తుపోవడం అనో చెప్పడం తోచక అన్నిటికీ "నొప్పి" అనేస్తారు. భాష బాగా వచ్చిన కొడుకునో కోడలినో వెంట తీసుకువెళ్ళండి.

ఎం.ఆర్.ఐ.లో ఇరుకు కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు. ఏ బాధా లేని పెద్దవారిలోనూ అది కనిపిస్తుంది. మందులు, వ్యాయామాలు కొన్ని నెలలు వాడినా నడక కుంచించుకుపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

ఆపరేషన్లలో అసలుది ఒత్తిడి తీసేయడం. పూస వెనక కప్పులాంటి ఎముకను, మందమైన లిగమెంటును తొలగించి నరాలకు చోటిస్తారు. పూర్తిగా తీస్తే లామినెక్టమీ, కొద్దిగా తొలిస్తే లామినాటమీ. ఈ రెండోదాన్ని మైక్రోస్కోపుతో గాని ఎండోస్కోపుతో గాని చిన్న గాటుతో చేస్తున్నారు. పూసల వెనక కొమ్ముల మధ్య చిన్న పరికరం దూర్చే పద్ధతి కూడా ఉంది. అందులో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు ఎక్కువ.

ఇక రాడ్లు, స్క్రూలు. దీన్ని ఫ్యూజన్ అంటారు, రెండు పూసలను ఒక్కటిగా అతికించడం. ఖర్చంతా ఇక్కడే పెరుగుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. 2016లో స్వీడన్‌లో 247 మంది మీద జరిగిన పరిశీలనలో, ఒత్తిడి తీసి ఊరుకున్నవారికీ, దానితోపాటు ఫ్యూజన్ చేయించుకున్నవారికీ రెండేళ్ళ తర్వాత తేడా లేదు. పూస ముందుకు జారినవారిలోనూ అంతే. ఫ్యూజన్ వారికి రక్తస్రావం, ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం ఎక్కువయ్యాయి. 2021లో నార్వే వారు పూస జారినవారినే తీసుకుని చూసినా, ఫ్యూజన్ లేకపోయినా ఫలితం తీసిపోలేదన్నారు. అమెరికాలో 66 మందితో జరిగిన చిన్న పరిశీలన మాత్రం ఫ్యూజన్‌కు కొంత మొగ్గింది. పూస బాగా కదులుతున్నా, వెన్ను వంకర తిరిగినా, కీళ్ళు ఎక్కువగా తొలగించవలసి వచ్చినా రాడ్లు అవసరమే. అందుకే "నా పూస కదులుతోందా? వంగి, వెనక్కి వాలి తీసిన ఎక్స్‌రేలో చూశారా?" అని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడమే మంచిదని నా ఉద్దేశం. ఎస్టిమేటులో ఇంప్లాంటు ధర విడిగా రాయించుకోండి.

ఆపరేషన్‌తో తగ్గేది ముఖ్యంగా కాళ్ళ బాధ. నడక దూరం పెరుగుతుంది. నడుము నొప్పి కొంత మిగలవచ్చు, పాత తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. నరాల పొర చిరగడం, చీము పట్టడం వంటి ప్రమాదాలున్నాయి. షుగరు అదుపులో ఉండాలి. రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా మానవద్దు, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుంటే ఎవరికి చూపినా సులువు.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాలు ఉన్నట్టుండి పడిపోవడం వీటిలో ఏది జరిగినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.