మధుమేహం, మతిమరుపు: ఉమ్మడి జన్యువుల అన్వేషణ

1901లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో యూజీన్ ఓపీ మధుమేహంతో మరణించిన వారి క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. లాంగర్‌హాన్స్ పుటికల్లో గాజులా మెరిసే పదార్థమేదో పేరుకుని ఉంది. అదే ఏడాది నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో 51 ఏళ్ల ఆగస్టె డేటర్‌ను ఆలోయిస్ ఆల్జైమర్ తొలిసారి చూశారు. పేరు రాయమంటే ఆమె మొదలుపెట్టి, ఏం రాస్తున్నదీ మధ్యలోనే మరిచిపోయేది. 1906లో ఆమె మరణించాక మెదడులోనూ ఏవో పదార్థాలు పేరుకున్నట్టు తేలింది.

మెదడులో పేరుకునేది అమైలాయిడ్ బీటా అని 1984లోనూ, క్లోమంలోది అమిలిన్ అని 1987లోనూ గుర్తించారు. ప్రొటీన్లు వేరైనా, మడతపడి పోగులుగా అతుక్కునే తీరు ఒకటే. 1999లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది: షుగరు ఉన్న వృద్ధులకు డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపు.

మరి మూలం జన్యువుల్లోనే ఉందా? ఆల్జైమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ4 రకం జన్యువును డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం 1993లోనే గుర్తించింది. హవాయిలోని జపనీస్ అమెరికన్ వృద్ధులపై 2002లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మధుమేహమూ ఈ జన్యువూ రెండూ ఉన్నవారికి ఆల్జైమర్స్ ముప్పు, రెండూ లేనివారికన్నా అయిదున్నర రెట్లు. అయితే ఇది రెండు ముప్పులు కలిసిరావడమే గాని, రెండు జబ్బులకూ ఒకే జన్యువు కారణమనడానికి రుజువు కాదు.

అలాంటి రుజువు దొరుకుతుందన్న ఆశ ఎక్కువగా పదో క్రోమోజోమ్ మీదే నిలిచింది. అక్కడి ఐడీఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ పని పూర్తయిన ఇన్సులిన్‌ను ముక్కలు చేస్తుంది, అమైలాయిడ్ బీటానూ ముక్కలు చేస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ మితిమీరితే ఎంజైమ్ దాంతోనే సరిపెట్టుకుని, అమైలాయిడ్‌ను వదిలేస్తుందన్న ఊహ అలా పుట్టింది. 2003లో ఈ జన్యువును తొలగించిన ఎలుకల్లో రెండూ పెరిగాయి. 2007లో టైప్ 2 మధుమేహం కోసం జరిపిన జన్యు గాలింపు కూడా అదే ప్రాంతాన్ని చూపింది. కానీ అనుమానం ఎక్కువగా పక్కనున్న హెచ్‌హెచ్‌ఈఎక్స్ జన్యువు మీదికే మళ్లింది.

ఆల్జైమర్స్‌ను ‘మూడో రకం మధుమేహం’ అనడం 2005 నాటికే మొదలైంది. ఆ పేరు సాక్ష్యాన్ని మించిపోయింది. జన్యువుల ఆధారంగా కారణాన్ని నిగ్గుతేల్చే పద్ధతిలో 2015లో జరిగిన పెద్ద పరిశీలనలో, మధుమేహానికి దారితీసే జన్యుభేదాలు ఆల్జైమర్స్ ముప్పును చెప్పుకోదగ్గంతగా పెంచుతున్నట్టు కనిపించలేదు. అయితే డిమెన్షియా అంటే ఆల్జైమర్స్ ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది, పక్షవాతానికి దారితీస్తుంది. రక్తప్రసరణ లోపించి వచ్చే డిమెన్షియాకు అదే తోవ.