పటం వెనుక పేరు

మన కయత్తారులో 1799 అక్టోబరు 16న బ్రిటిషువారు వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీశారు. ఛాయాగ్రహణం లోకానికి వెల్లడైనది 1839లో. అందువలన ఆయన ముఖం శిల్పుల ఊహలోనే మనకు లభిస్తున్నది.

ఆ శతాబ్దాంతానికి తెలుగునాట ఈ కళ ఒక కుటుంబ వృత్తిగా నిలదొక్కుకున్నది. 1844లో సర్ధనాలో జన్మించిన లాలా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రాహకులైనారు. 1880లలో బ్రిటిషు దండు విడిసిన సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదు ఇచ్చారు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తోడుకాగా సంస్థ ‘రాజా దీనదయాళ్ అండ్ సన్స్’ అయినది. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరచి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. దీనదయాళ్ 1905లో మరణించారు. వారి గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరినవి.

నవాబుల, దొరల పేర్లు చరిత్రకారులు చెప్పగలరు. మన గోడలమీది అవ్వతాతల పేర్లు చెప్పగలవారు ఇంటికి ఒకరిద్దరే. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి: పిల్లలచేత పెద్దలను అడిగించి, ప్రతి పటం వెనుక పేరు, ఊరు, వరుస పెన్సిలుతో తెలుగులో వ్రాయించండి. ఇంట తెలుగు మాటలాడుతూ తెలుగు అక్షరం ఎరుగని బిడ్డకు అదే తొలి పాఠం కాగలదు.