బొమ్మలకథల పుస్తకము పుట్టిన విధము



దీపము పెట్టిన పిమ్మట అవ్వ మనుమలను చుట్టును గూర్చుండబెట్టుకొని కథ చెప్పుట మన యిండ్లలో నెంత పాతదో, జర్మనీదేశపు పల్లెలలోను అంత పాతదే. ఆ కథలకు బొమ్మలు లేవు. విన్నవాడు మనసులో గట్టుకొన్నదే బొమ్మ. అట్టి నోటికథ బొమ్మల పుస్తకమైన విధమును నేడు మనవి చేసెదను.

యాకోబు, విల్‌హెల్ము అను గ్రిమ్ సోదరులు కాసెల్ పట్టణమున నుండిరి. ఆ ప్రాంతము ఫ్రెంచివారి యేలుబడిలో నున్న దినములలో, పాతకథలు నశించునను భయముతో వారు వానిని కూర్పసాగిరి. 1812లో మొదటి సంపుటము, 1815లో రెండవ సంపుటము వెలువడెను. వానియందు బొమ్మ యొక్కటియు లేదు. పండితులకు వలయు వివరణలు మాత్రము మెండు. ఇది పిల్లలకు దగిన పుస్తకము గాదని కొంద రాక్షేపించిరి.

వారికి కథలు చెప్పినవారిలో డొరొతియా ఫీమన్ అను దర్జీవాని భార్య యొకతె. తోటలో పండినవి పట్టణమునకు దెచ్చి యమ్ముకొనెడిది. చెప్పిన కథను మరల చెప్పుమన్నచో, మాట తప్పక, వ్రాసికొనుటకు వీలుగా మెల్లగా చెప్పెడిదట. సుమారు 40 కథ లామె నోట వచ్చినవి. 1815 నవంబరులో ఆమె మరణించెను. 1819 నాటి రెండవ ముద్రణమున ఆమె ముఖచిత్రమును అచ్చువేసిరి. దానిని వ్రాసినవాడు ఆ సోదరుల తమ్ముడే, లుడ్విగ్ ఎమిల్.

1823లో లండనునందు ఎడ్గరు టేలరు అను న్యాయవాది ఆ కథలలో కొన్నిటిని ఇంగ్లీషున ప్రకటించెను. జార్జి క్రూక్‌షాంకు అను చిత్రకారుడు దానికి నవ్వు పుట్టించు బొమ్మలు సమకూర్చెను. జనులు మిక్కిలి యాదరించిరి. అది చూచి గ్రిమ్ సోదరులు 1825లో 50 కథలు మాత్ర మేరి, తమ్ముడు వ్రాసిన 7 బొమ్మలతో చిన్నపుస్తకము గావించిరి. 1858 నాటికి అది 10 ముద్రణములు పొందెను.

రంగులు పిదప వచ్చినవి. 1865 మొదలు వాల్టరు క్రేను వ్రాసిన బొమ్మలను ఎడ్మండు ఎవాన్సు అచ్చొత్తెను. రంగు రంగునకు వేరు చెక్కఅచ్చు చెక్కించి, ఒకే కాగితముపై వరుసగా నొత్తించెడివాడు. మచిలీపట్నపు అద్దకపుపని నెరిగినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. ఆరు పెన్నీల వెలకే ఆ పుస్తకములు దొరకెడివి. మన తెలుగునను 1947 జులైలో వెలసిన ‘చందమామ’ కథకు బొమ్మను జతచేసి యింటింట జొచ్చెను.

బొమ్మ కథను పండితుని బీరువానుండి పిల్లవాని యొడికి దెచ్చిన మాట నిజము. కాని చెప్పినవారి గొంతుకను అది తేలేదు. గ్రిమ్ సోదరులు ఫీమన్ అవ్వను కలిసినది 1813లో. వారికి చిక్కినవి రెండేండ్లే. అవి తప్పిపోయినచో, ఏ చిత్రకారుడు గీయుటకును ఆ కథలే యుండకపోవును.

కావున మనుమని చేతి బొమ్మలపుస్తకమును కాదనకుడు. ప్రక్కన గూర్చుండి, అందు లేని మీ కథను చెప్పుడు, చదువుకొన్నవానిచేత వ్రాయించుడు. బొమ్మ పిమ్మట వేయవచ్చును.