భాగ్యనగరపు శివారు రైలు స్టేషనులు

1935వ సంవత్సరమున కృష్ణా కాలువలో ఒక పడవ బయలుదేరినది. అందు ధాన్యపు బస్తాలు లేవు, ఉప్పు మూటలు లేవు. పుస్తకములు, పత్రికలు కలవు. పెదపాలెము శారదా నికేతనము పక్షమున శ్రీ పాతూరి నాగభూషణముగారు నడిపిన ఆ పడవ గ్రంథాలయము కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ తిరుగుచు, ఒడ్డునగల పల్లెలవారికి పుస్తకముల నిచ్చి పుచ్చుకొనెడిది. గ్రంథాలయోద్యమ చరిత్ర తెలిసినవారందరు ఈ విషయమును గర్వముతో స్మరింతురు. కాని అందు మరియొక పాఠము కూడ కలదు. కాలువ ఉన్నంత మాత్రమున, పడవ నడచినంత మాత్రమున చదువరికి పుస్తకము దొరకదు. పడవ అతని రేవున ఆగవలెను. ఆగునని అతనికి ముందుగా తెలిసియుండవలెను.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరినపుడు నాకు ఈ రేవు సంగతియే తోచినది. మన పిల్లలు చదువులకును, పెద్దలు వైద్యమునకును, యువకులు ఉద్యోగములకును హైదరాబాదు పోవుచునే యున్నారు. నగరము చేరుట ఒక ప్రయాణము. చేరినపిమ్మట నగరములో పనియున్న చోటికి పోవుట మరియొక ప్రయాణము. ఈ రెండవ ప్రయాణమునకై పుట్టినవే శివారు రైలు స్టేషనులు. అవి ఎట్లు సంకల్పింపబడినవో, ఎట్లు తెరువబడినవో ఇచ్చట సంగ్రహముగా చెప్పుదును.

మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుండి ఠాణాకు నడచినది. దూరము 34 కిలోమీటర్లు. 14 పెట్టెలు, సుమారు 400 మంది ప్రయాణికులు. నాటి ఠాణా వేరొక పట్టణము. నేడు బొంబాయి శివారు. 1925 ఫిబ్రవరి 3న ఆ నగరముననే విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు మొదటి విద్యుత్ రైలు నడచెను. మదరాసులో 1931న బీచి స్టేషను నుండి తాంబరము వరకు మీటరు గేజి మార్గముపై విద్యుత్ బండ్లు ఆరంభమైనవి. చలనచిత్రముల కాలమున తెలుగువారెందరో నివసించిన కోడంబాకము, మాంబళము ఆ మార్గమున నున్నవే. ఆవిరియంత్రమునకు వేగము అందుకొనుటకు కొంత సేపు పట్టును. విద్యుత్ బండి త్వరగా వేగమందుకొని త్వరగా ఆగగలదు. కావుననే స్టేషనులను దగ్గర దగ్గరగా నెలకొల్పుట సాధ్యమైనది.

హైదరాబాదు చరిత్ర వేరు విధముగా నడచినది. బొంబాయి–మదరాసు మార్గమునందలి వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు నిజాము ధనముతో వేసిన లైను 1874న తెరువబడెను. 1889 నాటికి ఆ మార్గము బెజవాడను చేరెను. గోదావరీ లోయ మీటరు గేజి లైనునకు సంబంధించిన కాచిగూడ స్టేషను భవనము 1916న నిర్మింపబడినది. ఈ లైనులన్నియు దూరప్రాంతములను కలుపుటకు, సరకులను చేరవేయుటకు ఉద్దేశింపబడినవి. ఊరిలోని ఒక పేటనుండి మరియొక పేటకు పోవువానికొరకు కాదు. కనుక స్టేషనులు దూరదూరముగా ఉండెను. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తరువాత కూడ నగరవాసికి నిత్యప్రయాణ సాధనము బస్సే.

ఈలోపల నగరము తన హద్దులను దాటినది. 2007న 12 పురపాలక సంఘములను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహానగర పాలక సంస్థగా చేసిరి. 2011 జనాభా లెక్కలలో ఆ సంస్థ పరిధిలోని జనసంఖ్య 67 లక్షలు దాటినది. నిన్నటి గ్రామము నేటి పేట యైనది. పొలము పోయినవాడు పనికై పది పదిహేను కిలోమీటర్లు పోవలసి వచ్చినది. పట్టాలు అప్పటికే ఉన్నవి. కావలసినది ఆగుచోట్లు, ఆగు బండ్లు.

ఈ ఆలోచనయే బహుళ రవాణా వ్యవస్థ. జనులు దానిని ఎం.ఎం.టి.ఎస్. అందురు. 2003 ఆగస్టు 9న నాటి ఉపప్రధాని శ్రీ లాల్ కృష్ణ అద్వానీగారు దానిని ప్రారంభించిరి. లింగంపల్లి, హైదరాబాదు, సికింద్రాబాదు, ఫలక్‌నుమాలను కలుపు ఈ మొదటి దశ సుమారు 43 కిలోమీటర్లు. సుమారు 178 కోట్ల రూపాయల వ్యయమును రాష్ట్ర ప్రభుత్వము, రైల్వేశాఖ సగము సగము భరించినవి. హైటెక్ సిటీ, బోరబండ, నెక్లెస్ రోడ్డు వంటి పేర్లు రైలు టిక్కెట్టుపై కనబడుట ఆనాటినుండియే.

ఒక స్టేషను పెట్టవలెనన్న ఏమి చూతురు? మొదట జనమెచ్చట ఉన్నారు, వారు ఎచ్చటికి పోవుదురు, ఎందరు ఎక్కుదురు అని సర్వే చేయుదురు. పిదప స్థలము. పట్టాలు వంపు తిరిగినచోట ప్లాట్‌ఫారమునకు, పెట్టెకు నడుమ సందు ఎక్కువగును. గార్డునకు బండి పొడవంతయు కనబడదు. వాలు ఎక్కువైనచో నిలిపిన పెట్టెలు దొర్లిపోవు ప్రమాదము కలదు. అందువలన స్టేషను ఆవరణలో 400 అడుగుల పొడవునకు 1 అడుగును మించిన వాలు సాధారణముగా ఉండరాదని నియమము. ఎత్తైన ప్లాట్‌ఫారము పట్టాల పైభాగమునుండి 76 మొదలు 84 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. చంకలో బిడ్డనెత్తుకొన్న తల్లి, కర్రపట్టిన వృద్ధుడు ఎక్కగలుగుట ఈ కొలతపై ఆధారపడియున్నది.

భవనము పూర్తియైనంత మాత్రమున క్రొత్త మార్గమున ప్రయాణికులను ఎక్కించుకొనుటకు వీలులేదు. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము రైల్వే భద్రతా కమీషనరు మార్గమును తనిఖీ చేసి, జనుల రాకపోకలకు అపాయము లేదని నివేదింపవలెను. ఈ కమీషనరు రైల్వే మంత్రిత్వశాఖకు లోబడినవాడు కాడు. పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రింద నుండును. బండ్లు నడుపువారే వాని భద్రతకు తీర్పరులు కారాదని 1941న ఈ తనిఖీ శాఖను రైల్వేనుండి వేరుచేసిరి. ఇది మన పాలనలోని మెచ్చదగిన పద్ధతులలో నొకటి.

రెండవ దశ 2012–13లో మంజూరైనది. అంచనా సుమారు 816 కోట్లు. ఇందు మూడింట రెండుపాళ్లు రాష్ట్రము, ఒకపాలు రైల్వే ఇచ్చునట్లు నిర్ణయము. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్ మొదలగు వైపులకు బండ్లను పొడిగించుట దీని లక్ష్యము. నడుమ 2014న రాష్ట్ర విభజన జరిగెను. ఇద్దరు చెల్లించవలసిన పనిలో ఒకరి వాటా ఆలస్యమైనను పని నిలిచిపోవును. ఆలస్యమైన కొలది వ్యయము పెరుగును. మేడ్చల్, ఉందానగర్ వైపుల బండ్లతో కూడ 13 క్రొత్త సర్వీసులు ప్రారంభమగునప్పటికి 2023 ఏప్రిల్ 8వ తేది వచ్చినది. మంజూరునాడు బడిలో చేరిన పిల్లవాడు అప్పటికి ఉన్నత పాఠశాల చదువు ముగింపునకు వచ్చియుండును.

ఈ దశలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది సనత్‌నగర్–మౌలాలి మార్గము. సికింద్రాబాదు రద్దీని తప్పించుకొని పోవు ఈ 22 కిలోమీటర్ల దారిలో ప్రయాణికుల బండ్లు అంతకుముందు నడువలేదు. గూడ్సు బండ్లు మాత్రమే సాగిపోయెడివి. లైను ప్రక్కన కాపురమున్న కుటుంబములకు రైలు కూత వినబడును, గోడలు అదరును, గేటు పడినపుడు నిలువవలెను. కాని ఎక్కి పోవుటకు లేదు. రైలువలని కష్టము వారిది, సౌఖ్యము ఇతరులది. ఆ మార్గమును రెండు లైనులుగా చేసి, విద్యుదీకరించి, ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు అను ఆరుచోట్ల క్రొత్త స్టేషను భవనములు కట్టిరి. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుండి ఈ దారిన లింగంపల్లికి మొదటి ఎం.ఎం.టి.ఎస్. బండిని ప్రధానమంత్రి జెండా ఊపి పంపిరి. కాలువ ప్రక్కననే ఉండి పడవ ఎక్కలేనివారికి రేవు దొరకినది.

మరుసటి సంవత్సరము, 2025 జనవరి 6న, కాజీపేట మార్గమునందలి చర్లపల్లిలో సుమారు 413 కోట్ల వ్యయముతో నిర్మించిన క్రొత్త టెర్మినల్ ప్రారంభింపబడెను. సికింద్రాబాదు, హైదరాబాదు, కాచిగూడ స్టేషనుల భారమును తగ్గించుట దాని ఉద్దేశము. భవనము గొప్పది. కాని అచ్చటికి చేరు రోడ్లు ఇరుకుగా ఉన్నవని పత్రికలు ఆనాడే వ్రాసినవి. పట్టాలు ఒక శాఖవి, రోడ్డు మరియొక శాఖది, బస్సు ఇంకొక సంస్థది. ప్రయాణికుడు మాత్రము ఒక్కడే.

ప్రారంభోత్సవమునకును సేవకును గల భేదము ఇచ్చటనే తెలియును. కరోనా వ్యాధి కాలమున 2020 మార్చిలో నిలిచిన ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మరల 2021 జూను 23న గాని నడువలేదు. ఆ పదునైదు నెలలు స్టేషనులు ఉన్నవి, పేర్లు ఉన్నవి, ప్లాట్‌ఫారములు ఉన్నవి. ఆ బండ్లు లేవు. నిత్య ప్రయాణికులు వేరు దారులు వెదకుకొనిరి. మామూలు దినములందును ఈ బండ్లు అనేకచోట్ల దూరప్రయాణపు బండ్లతో పట్టాలను పంచుకొనవలసియున్నది. ఎక్స్‌ప్రెస్సు వచ్చినపుడు చిన్నబండి తప్పుకొనవలెను. పది నిమిషముల ఆలస్యము దూరప్రయాణికునకు లెక్కలోనిది కాదు. కూలికి పోవువానికి అరపూట వేతనము పోవును. 2017 నవంబరున మెట్రోరైలు వచ్చిన తరువాత వేళ తప్పని బండికై ఎక్కువ రుసుము చెల్లించగలవారు అటు పోయిరి. చెల్లింపలేనివారు ఇచ్చటనే వేచియుందురు.

నగరము పెరుగుచునే యున్నది. నేడు గ్రామములుగా నున్నవాని ముంగిటికి కూడ ఒకనాడు సర్వేవారు కొలత గొలుసుతో రావచ్చును. ఆనాడు గ్రామస్థులు స్టేషనుకు ఏ పేరు పెట్టుదురని మాత్రమే అడిగి ఊరకుండరాదు. దినమునకు ఎన్ని బండ్లు ఆగును? రాత్రి చివరి బండి ఏ వేళకు? ఊరి రెండు వైపులనుండియు దారి కలదా, లేక పట్టాలు దాటి ప్రాణాపాయము తెచ్చుకొనవలెనా? దిగిన ఆడపిల్ల ఇల్లు చేరువరకు వీధిదీపములు కలవా? బస్సు వచ్చునా? ఈ ప్రశ్నలు పునాదిరాయి పడకముందే అడుగవలెను. భవనము కట్టిన పిమ్మట వంతెన స్థానమును మార్చుట కష్టము.

గ్రంథాలయమును నడుపువారికి ఈ మాట క్రొత్త కాదు. ఇరువదియైదు సంవత్సరముల క్రిందట మన ద్వారమును తెరచుట ఒకనాటి పండుగ. ఆ తరువాత ప్రతిదినము చెప్పినవేళకు తాళము తీయుటయే అసలు సేవ. స్టేషనుకైనను, గ్రంథాలయమునకైనను కీర్తి తెచ్చునది అదియే. మన గ్రంథాలయము అదే నియమముతో సాగి స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనుగాక!