తొలేదో మిఠాయి కొట్టులో మన చక్కెర

మాడ్రిడ్‌లో రైలెక్కితే అరగంటలో తొలేదో వస్తుంది. ఒహాయోలోని టొలీడో కాదు, దానికి పేరిచ్చిన పాత ఊరు. మూడు వైపులా తాహో నది చుట్టుకున్న కొండ మీద, సన్నటి రాతి సందుల నడుమ, సాంతో తోమే అనే మిఠాయి కొట్టు ఉంది. 1856లో పెట్టినది, నేటికీ ఆ కుటుంబమే నడుపుతోంది.

అక్కడ తప్పక తినవలసింది మసపాన్. అమెరికా కొట్లలో మార్జిపాన్ పేరుతో దొరికే మిఠాయికి ఇది దగ్గరి చుట్టం. బాదం పప్పు తొక్క తీసి, చక్కెరతో కలిపి మెత్తగా నూరి, ఆ ముద్దతో నెలవంకలు, చిన్న చిన్న బొమ్మలు చేస్తారు. పైన గుడ్డు సొన పూసి, ఎర్రబడేదాకా పొయ్యిలో ఉంచుతారు. క్రిస్మస్‌కు పాములా చుట్ట చుట్టుకున్న మలుగుచేప ఆకారంలో పెద్దది చేస్తారు. తొలేదో మసపాన్ అని అమ్మాలంటే బరువులో సగమైనా బాదం ఉండాలని నియమం. నోట్లో వేసుకుంటే మనవాళ్ళకు బాదం బర్ఫీ గుర్తుకు రాక మానదు. నెయ్యీ ఏలకులూ ఉండవు, అంతే. గుడ్డు తిననివారు ముందే అడిగి కొనుక్కోవడం మంచిది.

ఈ మిఠాయి పుట్టుక గురించి ఊళ్ళో ఒక కథ చెబుతారు. 1212లో లాస్ నావాస్ దె తొలోసా యుద్ధం తర్వాత గోధుమలు కరువైతే, సాన్ క్లెమెంతె మఠంలోని సన్యాసినులు బాదం, చక్కెర దంచి జనం ఆకలి తీర్చారట. కథ బాగుంది. కానీ గోధుమలకే దిక్కులేని ఊరికి చక్కెర ఎక్కడిది?

చెరకు రసం కాచి గడ్డకట్టించే విద్య మొదట మన దేశానిది. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, ఇసుక అని కూడా అర్థం. ఆ మాటే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్ అయింది. మన చక్కెరా, వాళ్ళ అసూకరూ ఒక తల్లి బిడ్డలే. 711లో ముస్లిం సేనలు స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. వాళ్ళ ఏలుబడిలోనే చెరకు దక్షిణ తీరానికి చేరింది. 1085లో తొలేదో క్రైస్తవ రాజు ఆరవ అల్ఫాన్సో వశమైంది. 1492లో యూదులను, 1609-1614 మధ్య మోరిస్కోలను, అంటే క్రైస్తవం పుచ్చుకున్న ముస్లింల సంతతిని, దేశం నుంచే వెళ్ళగొట్టారు. మనుషులు పోయారు. మాటా మిఠాయీ మిగిలాయి.

చెరకు ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1493లో కొలంబస్ తన రెండో యాత్రలో దాన్ని కరీబియన్ దీవులకు పట్టుకెళ్ళాడు. ఆ తోటలు ఆఫ్రికా బానిసల చెమటతో పెరిగాయి. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక, చెరకు తోటల యజమానుల చూపు మన దేశం మీద పడింది. మారిషస్‌కు, నటాల్‌కు ఒప్పంద కూలీలను తరలించారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అలా వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. చక్కెర చేయడం లోకానికి నేర్పిన దేశం నుంచే, పరాయి తోటల్లో చెరకు నరకడానికి మనుషులు పోయారు. మనకంటే ముందు సముద్రం దాటిన మనవాళ్ళు వాళ్ళు.

తొలేదో వెళితే ఒక చిన్న పెట్టె కొనండి. దాని మీద అసూకర్ అన్న మాట పిల్లలకు చూపించండి. తినడం రెండు నిమిషాల పని. కథ చెప్పడానికే కాస్త తీరిక కావాలి.