ఓడ కోసం వేసిన రైలుదారి

మద్రాసు ఎగ్మూరులో ఒక్క టికెట్టు కొంటే కొలంబో ఫోర్టు స్టేషను దాకా చెల్లిన రోజులు ఉండేవి. మధ్యలో సముద్రం ఉన్నా టికెట్టు మారేది కాదు. ఆ ప్రయాణంలో భారతదేశం వైపు చివరి మజిలీ పాంబన్–ధనుష్కోటి రైలుమార్గం.

అంతకుముందు సింహళం (నేటి శ్రీలంక) వెళ్లేవారు తూత్తుకుడి దాకా రైల్లో వెళ్లి, అక్కడ స్టీమరెక్కి కొలంబోలో దిగేవారు. ‘బోట్ మెయిల్’ అన్న పేరు ఆ దారిలోనే పుట్టింది. రామేశ్వరం దీవి తూర్పు కొస నుంచైతే తలైమన్నార్ సుమారు 35 కిలోమీటర్లే. చిక్కల్లా మండపానికీ దీవికీ నడుమ ఉన్న పాంబన్ జలసంధితోనే. రామసేతువు వెంబడి సింహళం దాకా పట్టాలు వేయాలన్న ఆలోచనా సాగింది గాని, ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. దీవి వరకు వంతెన, ఆపైన ఓడ అన్న మధ్యేమార్గం మిగిలింది.

సౌత్ ఇండియన్ రైల్వే 1911లో పని మొదలుపెట్టి, 1914 ఫిబ్రవరి 24న వంతెనను ప్రారంభించింది. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. కింద ఓడలకు దారి వదలాలి కాబట్టి నడుమ షెర్జర్ అనే అమెరికన్ ఇంజనీరు పద్ధతిలో రెండు రెక్కల ఉక్కు భాగం అమర్చారు. ఓడ వచ్చినప్పుడు రెండువైపులా మనుషులు నిలబడి, గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ కడ్డీలు తిప్పితే, వందల టన్నుల రెక్కలు మెల్లగా పైకి లేచేవి. మోటారు ఊసే లేదు.

వంతెన దాటాక పాంబన్ స్టేషను దగ్గర దారి చీలేది. ఒక పాయ రామేశ్వరం గుడి వైపు, మరొకటి ధనుష్కోటి రేవుకు. ధనుష్కోటి అంటే సముద్రంలోకి చాచిన ఇసుక నాలుక. ఒక పక్క నిలకడగా కనిపించే నీళ్లు, మరోపక్క మన్నారు సింధుశాఖ అలలు. స్థానికులు వాటిని ఆడకడలి, మగకడలి అంటారు. ఆ ఇసుక మీదే స్టేషను, పోస్టాఫీసు, కస్టమ్స్ కచేరీ, చర్చి, సత్రాలు వెలిశాయి.

దిగేవారిలో తేయాకు తోటలకు వెళ్లే తమిళ కూలీలు ఎక్కువ. వాళ్లను ముందుగా మండపం శిబిరంలో ఆపి, రోగాలు లేవని తేల్చుకున్నాకే సింహళ ప్రభుత్వం ఓడ ఎక్కనిచ్చేది. వారి పక్కనే సేతుస్నానానికి వచ్చిన యాత్రికులు. ఇక్కడి ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలిపి, గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేస్తే తప్ప కాశీయాత్ర పూర్తికాదన్నది తెలుగు ఇళ్లలోనూ ఉన్న నమ్మకమే. లెక్కలు రాసుకున్న కంపెనీకి ఈ యాత్రికులు అదనపు ఆదాయం. చివరికి ఆ దారిని నిలబెట్టింది మాత్రం వీళ్లే.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. వార్తాపత్రికల కట్టలను ధనుష్కోటి దారిలో నడుస్తున్న బండిలోంచి విసిరేసేవారు. వాటిని అందుకునే పనిలో సాయపడి తొలి సంపాదన కళ్లజూసిన కుర్రాడు అబ్దుల్ కలాం. వాళ్ల నాన్నది యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోటికి చేర్చే పడవ.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రికి కాస్త ముందు 653 నంబరు ప్యాసింజరు పాంబన్‌లో బయలుదేరింది. తుపాను విరుచుకుపడుతోంది. ధనుష్కోటి చేరువలో సిగ్నల్ పనిచేయలేదు. కొంతసేపు చూసి డ్రైవరు కూత వేసి బండిని ముందుకు పోనిచ్చాడు. కొండంత అల బండిని మింగేసింది. అందులో ఉన్న వందమందికి పైగా ప్రయాణికుల్లో, సిబ్బందిలో ఎవరూ మిగల్లేదు. ఊరూ లేదు, రేవూ లేదు.

పాంబన్ వంతెనలో 120కి పైగా గర్డర్లు కొట్టుకుపోయాయి. పైకి లేచే నడిమి రెక్కలు మాత్రం నిలిచాయి. మరమ్మతుకు రైల్వే ఆరు నెలల గడువు పెట్టుకుంది, పైఅధికారి దాన్ని మూడుకు కుదించాడు. బాధ్యత ముప్పై రెండేళ్ల ఇంజనీరు ఇ. శ్రీధరన్ మీద పడింది. కొత్తవి చేయించే వ్యవధి లేదు కాబట్టి, సముద్రం అడుగున పడి ఉన్న గర్డర్లనే వెదికి పైకి లాగించి, 46 రోజుల్లో పని ముగించాడు.

వంతెన లేచినా ధనుష్కోటి లేవలేదు. నివాసానికి పనికిరాదని ప్రభుత్వం తేల్చడంతో ఆ పాయను వదిలేశారు. ఓడ రామేశ్వరానికి మారింది. ‘రామానుజం’ నౌక తలైమన్నార్‌కు తిరుగుతూ ఉండేది. శ్రీలంకలో అంతర్యుద్ధం రాజుకోవడంతో 1980లలో అదీ ఆగింది. 2007లో పాంబన్ దారి మీటరుగేజి నుంచి బ్రాడ్‌గేజికి మారింది. తుప్పు తినేసిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు నిలిపివేశారు. నిలువుగా లేచే భాగమున్న కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. దాని 72.5 మీటర్ల నడిమి భాగాన్ని విద్యుత్తుతో 17 మీటర్ల ఎత్తుకు లేపుతారు.

ధనుష్కోటికి మళ్లీ పట్టాలు వేసే పథకానికి 2019లో శంకుస్థాపన చేశారు గాని, దారి పడలేదు. 2017లో తెరిచిన తారురోడ్డు మీదే యాత్రికులు అరిచల్‌మునై కొస దాకా వెళ్తున్నారు. దారిలో పైకప్పు లేని చర్చి, రైల్వే నీళ్లట్యాంకు శిథిలం కనిపిస్తాయి. ఓడ లేకపోయినా, చెన్నై నుంచి రామేశ్వరం వచ్చే రాత్రి బండిని జనం ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తున్నారు.