గాయపాకు: చరకుడికి తెలియని మందు



బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కానూరు, పోరంకి దాటి కంకిపాడు వైపు వెళ్తే రోడ్డు అంచునా కాలవ గట్ల మీదా ఒక చిన్న మొక్క కనిపిస్తుంది. లేత రేకలు, మధ్యలో పసుపు బొడ్డు. పుస్తకాల్లో దాని పేరు గడ్డి చామంతి. కూలి జనం పెట్టుకున్న పేరు గాయపాకు. కొడవలి తెగితే ఆ ఆకు నలిపి, పసరు పిండి కట్టు కడతారు. ఆ పసరు గాయం మానడానికి తోడ్పడుతుందని ఎలుకల మీద ప్రయోగాలు చేసిన మన దేశ పరిశోధకులు కూడా పత్రాలు రాశారు.

"మన వైద్యమంతా చరక సుశ్రుతులు పెట్టిన భిక్షే" అనేవాళ్లకు ఈ మొక్కే జవాబు. ఇది ఈ నేలది కాదు. మెక్సికో, మధ్య అమెరికా వైపుది. 1492లో కొలంబస్ ఓడ అటు చేరాకే ఆ ఖండపు మొక్కలు మన వైపు రావడం మొదలైంది. మిరపకాయ వచ్చిందీ అలాగే. చరక సంహిత అంతకు వెయ్యేళ్ల ముందుది. అందులో గాయపాకు ఉండే అవకాశమే లేదు.

చరక సంహిత ఒక నిజం ఒప్పుకుంటుంది. మొక్కల పేర్లు, రూపాలు మేకల కాపరులకు, గొర్రెల కాపరులకు, అడవుల్లో బతికేవాళ్లకు తెలుసంటుంది. ఆ వెంటనే, పేరు తెలిస్తే చాలదు, ప్రయోగం తెలిసినవాడే వైద్యుడంటుంది. అంటే మొక్కని చూపించేది శ్రామికుడు, శాస్త్రం మాత్రం పండితుడిది. గాయపాకు ఈ లెక్కని తలకిందులు చేసింది. ఇక్కడ ప్రయోగం కూడా పొలం గట్టు మీదే నిలబడింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిచేలమయమైంది. ఆ వరి నాటిందీ కోసిందీ ఎక్కువగా మాల, మాదిగ కూలీలూ తోటి శ్రమ కులాలూ. తెగింది వాళ్ల వేళ్లే. చేతికందే దూరంలో ఉన్నది ఆ ఆకే.

మరి ఈ జ్ఞానానికి సాక్ష్యం ఎక్కడ? ఇక్కడే పసుపు కథ గుర్తు చేసుకోవాలి. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి, పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద అమెరికా పేటెంటు ఇచ్చింది. కృష్ణ అవతల దుగ్గిరాల యార్డులో ఏ హమాలీని అడిగినా చెప్పే సంగతి అది! మన సీఎస్ఐఆర్ సవాలు చేసింది. 1997లో పేటెంటు రద్దయింది. ఎలా? 32 రాత ఆధారాలు చూపించి. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రికా వ్యాసం. అప్పటి అమెరికా చట్టం బయటి దేశాల్లోని నోటి వాడుకను లెక్కలోకి తీసుకునేది కాదు. కాగితం కావాలి. అమ్మమ్మల చేతులు పనికిరావు.

అది అమెరికా చట్టం. మన చట్టమో? జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ప్రయోజనాల్లో వాటా చెల్లించే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇక మిగిలింది నోటి జ్ఞానం. దాని మీద మనకు వాటా ఉందనాలంటే అది మనదని ఎక్కడో రాసి ఉండాలి. చదువుకు దూరంగా ఉంచిన జనాన్నే రాత చూపించమనడం, చూశారా, ఎంత పాత న్యాయమో!

అయినా ఒక దారుంది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని చట్టమే చెబుతోంది. విద్యార్థి మిత్రులు మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు అడగండి. అందులో మాలపల్లె, మాదిగపల్లె పెద్దవాళ్ల మాట ఉందో లేదో చూడండి. లేకపోతే ఆకు పేరు, వాడే పద్ధతి, చెప్పినవాళ్ల పేరు వాళ్ల అనుమతితో రాయించండి.

ఒక్క హెచ్చరిక. ఇది ఆకుపసరుకి పూజ చేయడం కాదు. లోతుగా తెగితే ఆసుపత్రికే వెళ్లాలి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి. మన పెద్దలు ఆకు కట్టుకున్నది చాలాసార్లు డాక్టరు అందుబాటులో లేకే. మనం వాళ్ల లేమిని కాదు, వాళ్ల తెలివిని నిలబెట్టుకోవాలి. మంచి వైద్యం అడిగే హక్కూ మనదే, ఆ మందు కనిపెట్టిన పేరూ మనదే.

జై భీమ్.